ఖూన్ కా రిష్తా: తలసేమియా తారీఖ్

మన ఇళ్ళల్లో రిష్తా మాట్లాడేటప్పుడు అడగని సవాల్ అంటూ ఉండదు. ఖాందాన్ ఏది, అబ్బాయి కమాయీ ఎంత, అమ్మాయి ఖురాన్ ఖతం చేసిందా, వాళ్ళ నానా ఏ ఊరు, వాళ్ళ ఫుప్పీని ఎక్కడిచ్చారు... కర్నూలు పాతబస్తీ అయినా కడప గల్లీ అయినా, ఇంటి పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టి "ఖూన్ అచ్ఛా హై" అని తలూపితే సగం నికాహ్ అయిపోయినట్టే. ఆ మాటకు అర్థం వంశం మంచిదని. ఆ ఖూన్‌ని ఒక్క చుక్క తీసి చూద్దామని మాత్రం ఎవరూ అనరు.

ఈ రాత ఆ ఒక్క చుక్క గురించి, దాని వెనకున్న తారీఖ్ గురించి. తారీఖ్ అంటే ఇక్కడ క్యాలెండర్ తేదీ కాదు. ఉర్దూలో చరిత్రకు కూడా అదే లఫ్జ్.

బీమారి పేరు తలసేమియా. మా వీధిలో ఒక నానీమా ఈ పేరు మొదటిసారి విని "సేమ్యానా? ఈద్ ఇంకా రెండు నెలలుంది కదరా" అంది. అందరం నవ్వాం. కానీ ఆ పేరు పలకడం రాని ఇళ్ళల్లో కూడా ఆ బీమారి తరతరాలుగా ఉండే ఉంటుంది. అప్పుడు దానికి వేరే పేర్లు. నజర్ అన్నారు, ఆసేబ్ అన్నారు, పాలు పడలేదన్నారు, "బిడ్డ ఎండిపోతా ఉంది" అన్నారు.

ముందు బీమారి ఏమిటో చూద్దాం. బిడ్డ పుట్టినప్పుడు చక్కగా ఉంటుంది. అఖీఖా చేస్తారు, మిఠాయిలు పంచుతారు. కడుపులో ఉన్నప్పటి రక్తం కొన్ని నెలలు కాపాడుతుంది. ఆరు నెలలు దాటాక, ఒక్కోసారి ఏడాది దాటాక, బిడ్డ తెల్లగా పాలిపోతుంది. పాలు తాగదు, ఊరికే ఏడుస్తుంది, పొట్ట ఎడమ పక్క గట్టిగా ఉబ్బుతుంది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌ని ఆ ఒళ్ళు సరిగ్గా తయారు చేసుకోలేదు. అలా వదిలేస్తే చాలామంది పసివాళ్ళు నాలుగైదేళ్ళు కూడా దాటరు. బతకాలంటే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితమంతా.

రక్తం ఎక్కించినంత మాత్రాన కథ ఖతం కాదు. ఒక్క బ్యాగు రక్తంతో దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి పోతుంది. దాన్ని బయటికి పంపే దారి మనిషి ఒంట్లో లేదు, రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు తప్ప. ఆ ఇనుము పోయి గుండెలో, కాలేయంలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుంటుంది. అందుకే రక్తంతో పాటు ఇనుమును బయటికి లాగే మందులు కూడా వాడాలి. రక్తం మాత్రమే ఎక్కించి మందు మానేసిన పిల్లలు పదేళ్ళు, పదిహేనేళ్ళు పెరిగి గుండె ఆగి పోయేవాళ్ళు. తల్లికి అది రెండో చావు.

ఇది అంటువ్యాధి కాదు, ఒకే కంచంలో తింటే రాదు. విరాసత్‌లో వస్తుంది. అల్లా మనిషికి ప్రతి జీన్‌నీ రెండు నకళ్ళుగా ఇచ్చాడు, అబ్బా వైపు నుంచి ఒకటి, అమ్మీ వైపు నుంచి ఒకటి. ఒకటి చెడిపోయి రెండోది బాగుంటే ఆ మనిషికి ఏమీ కాదు. చేను దున్నుతాడు, లారీ నడుపుతాడు, ఎనభై ఏళ్ళు బతుకుతాడు. ఇలాంటి వాళ్ళను డాక్టర్లు "మైనర్" అంటారు. వయసు చిన్నదని కాదు, బీమారి మైనర్ అని. రెండు నకళ్ళూ చెడిపోయిన బిడ్డ "మేజర్". మియా బీవీ ఇద్దరూ మైనర్లయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డ మేజర్ అయ్యే అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురూ సలామత్ అని లెక్క వేసుకునేవాళ్ళను చూశాను. అది తప్పు లెక్క. ప్రతి కాన్పుకూ పాచికలు మళ్ళీ కొత్తగా పడతాయి.

ఇప్పుడు తారీఖ్‌లోకి పోదాం. 1925లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు, తన సాథీ పెర్ల్ లీతో కలిసి ఈ బీమారిని మొదటిసారి వేరుగా గుర్తించి రాశాడు. ఆయన దగ్గరికొచ్చిన పిల్లలు ఇటలీ, గ్రీస్ దేశాల నుంచి వలసొచ్చిన కుటుంబాల వాళ్ళు. 1932లో విపుల్, బ్రాడ్‌ఫర్డ్ అనే ఇద్దరు దీనికి తలసేమియా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో తలస్సా అంటే సముద్రం. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల వాళ్ళకే వస్తుందని వాళ్ళ అనుకోలు. ఆరేళ్ళు తిరగకముందే, 1938లో, మన దేశంలో మొదటి కేసును కలకత్తా నుంచి ముఖర్జీ అనే డాక్టరు రిపోర్టు చేశాడు.

సముద్రమే ఎరగని మన సీమకు సముద్రం పేరున్న బీమారి ఎలా వచ్చింది? దీనికి జవాబు దోమ దగ్గర దొరుకుతుంది.

1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు మలేరియా జ్వరం దోమ వల్లే వస్తుందా అని తేల్చే పనిలో ఉన్నాడు. ఆయన దోమలకు తన ఒళ్ళు అప్పజెప్పిన జ్వరం మనిషి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా మజూరీ. ఆ దోమల్లోని ఒకదాని కడుపు కోసి చూస్తే ఆగస్టు 20న రాస్‌కి మలేరియా పరాన్నజీవి కనబడింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో భవనం ఉంది. హుసేన్ ఖాన్ పేరు మీద ఏముందో నాకు కనబడలేదు. సైన్సు తారీఖ్‌లో మనవాళ్ళ వాటా ఇలా అణాల లెక్కలో మిగిలిపోయిన సంగతి అది ఒక్కటే కాదు, సరే, ఇప్పుడు ఆ గొడవ వద్దు.

యాభై ఏళ్ళ తర్వాత, 1949లో, జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ సైన్సుదాను ఒక మాట రాశాడు. పిల్లల్ని చంపే ఇంత ఘోరమైన జీన్ తరాలు గడిచేకొద్దీ తగ్గిపోవాలి కదా, మరి కొన్ని ప్రాంతాల్లో ఇంతమందిలో ఎందుకుంది? ఆ ప్రాంతాలన్నీ మలేరియా ప్రాంతాలే. అంటే ఒక్క నకలు ఉన్న మైనర్ మనిషిని మలేరియా అంత సులువుగా చంపలేకపోతూ ఉండాలి. ఇరుగుపొరుగు జ్వరంతో రాలిపోతుంటే ఆ మనిషి మిగిలాడు, పిల్లల్ని కన్నాడు, ఆ జీన్ పెరిగింది. తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ మాటకే బలం ఇచ్చాయి.

అంటే మన పూర్వీకుల ఒంట్లో ఇది ఒక జిరా బక్తర్, యుద్ధంలో తొడిగే ఇనుప కవచం. ఒక్కటి తొడుక్కుంటే ప్రాణం దక్కుతుంది. ఒకదాని మీద ఇంకొకటి తొడిగితే ఆ బరువుకే బిడ్డ కూలిపోతుంది.

మన వైపు మలేరియా తక్కువేం కాదు. ఎండిన సీమ అంటారు గానీ వానలు పడ్డాక చెరువులూ కుంటలూ నిండితే దోమలకు అంతకంటే ఏం కావాలి? నల్లమల అంచు పల్లెల్లో చలిజ్వరం పేరు చెబితే పాతకాలం వాళ్ళు ఇప్పటికీ వణుకుతారు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది, 1882లో సర్కారు దాన్ని కొనుక్కుంది. కే.సీ. కెనాల్ నీళ్ళతో పాటు దోమల్ని కూడా తెచ్చి ఉంటుంది. కానీ ఈ జీన్‌ని కెనాల్ ఖాతాలో వెయ్యకండి. నూట యాభై ఏళ్ళు దీనికి చాలవు, వేల ఏళ్ళు కావాలి. నవాబుల కంటే, మన పేర్ల ముందున్న షేక్, సయ్యద్, పఠాన్‌ల కంటే పాతది ఇది. కొన్ని ఖాందాన్లు అరబ్బు నుంచి వచ్చామంటాయి, కొన్ని అఫ్ఘాన్ నుంచి అంటాయి, దూదేకుల వాళ్ళు ఈ మట్టిలోనే పుట్టామంటారు. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే తలసేమియా మార్పే ఒమాన్‌లో, ఎమిరేట్స్‌లో, దక్షిణ ఇరాన్‌లో కూడా ఎక్కువగా కనబడుతుంది. ఓడల మీద మసాలాలు, గుర్రాలే కాదు, ఖూన్ కూడా అటూ ఇటూ తిరిగిందన్న మాట. ఎవరు ఎవరికిచ్చారో వెతికి లాభం లేదు.

హాల్డేన్ కథ అక్కడితో ఆగలేదు. 1957లో, కర్నూలు మెడికల్ కాలేజీ మొదలైన ఆ యేడే, ఆయన ఇంగ్లండు వదిలేసి ఇండియాకు వచ్చేశాడు. ముందు కలకత్తా, తర్వాత భువనేశ్వర్. 1964లో పోయాక తన శరీరాన్ని వైద్య విద్యార్థులకు ఇచ్చేయమని వసీయత్ రాశాడు. ఆ మయ్యత్ ఎక్కడికి చేరిందో తెలుసా? మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఆయన షాగిర్దుల్లో ఒకరు పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు. ఈయనతో కలిసి పని చేసిన మరో మనిషి పి. మీరా ఖాన్. మీరా అనగానే అమ్మాయి అనుకోకండి, మన వైపు మీరావలీలు, మీరా సాహెబులు ఎంతమంది లేరు! ఈ ఇద్దరూ 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి చుట్టాల మధ్య జరిగే పెళ్ళిళ్ళను లెక్కగట్టి, వాటి ప్రభావం మీద పరిశోధన పత్రాలు రాశారు. ప్రపంచంలో ఈ విషయం గురించి రాసే వాళ్ళు ఇప్పటికీ వాటిని తిరగేస్తారు. మీరా ఖాన్ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్ చేరి జన్యుశాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. మన పిల్లలకు సైన్సులో మనవాడి పేరు ఒక్కటి చెప్పమంటే కలాం సాబ్ దగ్గర ఆగిపోతారు. మీరా ఖాన్ పేరు కూడా చెప్పండి.

వాళ్ళు లెక్కగట్టిన ఆ దగ్గరి పెళ్ళిళ్ళ దగ్గరికే వద్దాం. మన హిందూ భాయీల్లో మేనమామ మేనకోడలిని చేసుకోవడం ఉంది. మనకు సూరె నిసాలో అది హరామ్ అని సాఫ్‌గా ఉంది. కానీ చిచ్చా, ఫుప్పీ, మామూ, ఖాలా పిల్లలతో నికాహ్ హలాల్. సీమలో ఎంతో కాలంగా నడుస్తోంది. కారణాలు లేకపోలేదు. పొలం బయటికి పోదు. జోడే కీ రఖం అడగడానికి మొహమాటపడతారు. అమ్మాయి సాస్ అంటే చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిప్పిన ఖాలాయే. దీన్ని ఎవరూ హరామ్ చేయలేరు, నేను ఆ మాట అనడం లేదు.

లెక్క మాత్రం వినండి. దేశం మొత్తం మీద వందలో ముగ్గురు నలుగురు తలసేమియా మైనర్లని అంచనా. ఒక అబ్బాయి మైనర్ అనుకుందాం. బొత్తిగా పరాయి ఇంటి అమ్మాయికి కూడా ఆ జీన్ ఉండే అవకాశం పాతిక ముప్పై మందిలో ఒకరికి. అదే అతని ఖాలా కూతురైతే, ఇద్దరికీ ఒకే నానా నానీల నుంచి అదే నకలు దిగొచ్చే అవకాశం దాదాపు ఎనిమిదింట ఒక వంతు. తేడా అంత. అలాగని పరాయి రిష్తా చేసుకుంటే ఫికర్ లేదనీ కాదు. పార్టిషన్‌లో ఇటొచ్చిన సింధీల్లో, పంజాబీల్లో ఈ బీమారి ఎక్కువ. బిరాదరీ దాటకుండా పెళ్ళిళ్ళు చేసుకునే ప్రతి సమాజమూ ఒక పెద్ద ఇల్లే. పఠాన్‌కి పఠానే, సయ్యద్‌కి సయ్యదే అనే మనం కూడా అంతే.

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి, పేర్లు వద్దు. మొదటి బిడ్డ రెండేళ్ళకు పోయింది. నజర్ అన్నారు, తావీజ్ కట్టించారు, దర్గాలో మన్నత్ మొక్కారు. రెండో బిడ్డ కూడా పాలిపోవడం మొదలయ్యేసరికి సాస్ నోరు తెరిచింది. "నీ మైకే వాళ్ళ ఖూన్‌లోనే ఏదో ఖరాబీ ఉంది" అని బహూని పుట్టింటికి తోలేసింది. ఆ బహూ ఎవరో కాదు, ఆ సాస్ సొంత తమ్ముడి కూతురు. ఏ మైకాను తిట్టిందో అది ఆమె పుట్టిల్లే. చివరికి హైదరాబాద్‌లో పరీక్ష చేస్తే మియా మైనర్, బీవీ మైనర్. ఇద్దరికీ ఆ ఒక్క ఇంటి నుంచే వచ్చింది.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, తలసేమియా మేజర్ బిడ్డ పుట్టాలంటే అమ్మీ అబ్బా ఇద్దరి నుంచీ రావాల్సిందే. ఒక్క ఆడమనిషి వల్ల రావడం కుదరదు. ఈ బీమారి పేరు మీద ఏ కోడలికైనా తలాఖ్ ఇచ్చారంటే అది జహాలత్, దానికి వేరే పేరు లేదు. అమ్మాయిని వదిలేసి రెండో నికాహ్ చేసుకున్న మగాడు తన నకలును తనతోనే పట్టుకుపోతాడు.

మరి వేరే ముస్లిం దేశాలు ఏం చేశాయి? ముందు సైప్రస్. చిన్న ద్వీపం, దక్షిణాన గ్రీకు క్రైస్తవులు, ఉత్తరాన తుర్కీ ముసల్మాన్లు, మధ్యలో 1974 యుద్ధం గీసిన గీత. జనంలో ఆరేడుగురికి ఒకరు మైనర్. పుట్టే మేజర్ పిల్లలందరికీ రక్తం, మందులు ఇస్తూ పోతే కొన్నాళ్ళకు దేశపు ఖజానా చాలదని 1970ల్లోనే తేలిపోయింది. దాంతో పెళ్ళికి ముందు రక్త పరీక్ష పెట్టారు. అక్కడి చర్చి కూడా పరీక్ష కాగితం లేనిదే పెళ్ళి చేయనంది. దేనికీ కలవని రెండు వైపుల వాళ్ళూ దీని విషయంలో ఒకటే పని చేశారు. మేజర్ పిల్లలు పుట్టడం దాదాపు ఆగిపోయింది.

1997లో ఇరాన్ నికాహ్‌కి ముందు తలసేమియా పరీక్ష దేశమంతటా లాజిమీ చేసింది. వాళ్ళ పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ముందు మగాడిని పరీక్ష చేస్తారు. అతని రక్తంలో తేడా కనబడితేనే అమ్మాయి దాకా పోతారు. ఇద్దరూ మైనర్లయితే కూర్చోబెట్టి మాట్లాడతారు. మొదట్లో వాళ్ళు విడిపోతారనుకున్నారు, చాలామంది విడిపోలేదు. మొహబ్బత్ లెక్కలు వినదు కదా. అప్పుడు గర్భంలోనే పరీక్ష చేసే ఏర్పాటు పెంచారు, ఉలమాల ఫత్వాలు వచ్చాయి, 2005లో చట్టం వచ్చింది. సౌదీలో 2004 నుంచి తలసేమియా, సికిల్ సెల్ పరీక్ష కాగితం లేకుండా నికాహ్ రిజిస్టర్ కాదు. కాగితం చూశాక చేసుకోవాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. కువైట్ 2008లో చట్టం చేసింది. రాజంపేట, రాయచోటి, కడప నుంచి కువైట్ పోయి డ్రైవర్లుగా, ఇళ్ళల్లో పని చేసే మన అన్నాతమ్ముళ్ళు, ఆపాలు వేలమంది. అక్కడి నుంచి బంగారం తెస్తారు, అత్తరు తెస్తారు, బ్లాంకెట్లు తెస్తారు. యజమాని కొడుకు షాదీకి ముందు రక్తం ఇవ్వడానికి ఎందుకు పోయాడో ఒకసారి అడిగి ఆ కబురు కూడా తెస్తే బాగుండు.

ఈ మాట ఎత్తగానే మజ్లిస్‌లో ఒకరు లేచి "అంతా తఖ్‌దీర్ భాయీ, అల్లా రాసింది తప్పుతుందా" అంటారు. వాళ్ళకు హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు కిస్సా గుర్తు చేస్తాను. ఆయన షామ్ వైపు పోతూ దారిలో అక్కడ ప్లేగు ఉందని విని లష్కర్‌ని వెనక్కి తిప్పారు. అల్లా తఖ్‌దీర్ నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా అడిగితే, అవును, అల్లా తఖ్‌దీర్ నుంచి అల్లా తఖ్‌దీర్ వైపే పోతున్నాం అన్న అర్థంలో జవాబిచ్చారు. పచ్చిక ఉన్న గట్టు, ఎండిన గట్టు ఎదురుగా ఉంటే ఒంటెను ఎటు తోలతావని ఆయనే తిరిగి అడిగారు. ఒక ఖబీలా వాళ్ళు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుని బలహీనపడ్డారని చూసి, బయటి వాళ్ళను చేసుకోండని సలహా ఇచ్చినట్టు కూడా ఆయన పేరు మీద ఒక మాట కితాబుల్లో ఉంది. హాల్డేన్ కంటే పదమూడు వందల ఏళ్ళ ముందు.

ఇలాజ్ తారీఖ్ కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే "ఆ బిడ్డ ఇక బతకదు" అని చేతులెత్తేసే రోజులు కావివి. ఇనుమును లాగే మొదటి మందును రాత్రంతా చర్మం కింద సూది పెట్టి చిన్న పంపుతో ఎక్కించేవాళ్ళు, ఎనిమిది పది గంటలు, వారంలో ఐదారు రాత్రులు. పిల్లలు ఏడ్చి పారిపోయేవాళ్ళు, ఖర్చు మోయలేక పెద్దలు మానేసేవాళ్ళు. 1995లో నోటితో మింగే మందుకు ప్రపంచంలో మొదట లైసెన్సు ఇచ్చిన దేశం మనదే. ఆ తర్వాత ఇంకో మాత్ర కూడా వచ్చింది. 1986లోనే వేలూరు సీఎంసీలో తలసేమియాకు మూలుగ మార్పిడి చేశారు. మన సీమ వాళ్ళకు కాట్పాడి స్టేషన్ కొత్తదేం కాదు, పెద్ద బీమారి వస్తే ఆ రైలే ఎక్కుతాం. మార్పిడితో దీనికి పూర్తి షిఫా దొరకొచ్చు. దానికి మూలుగ కలిసే తోబుట్టువు ఉంటే అన్నిటికంటే మేలు, ఒక్కో తోబుట్టువుతో కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2017 నుంచి కోల్ ఇండియా సాయంతో నడిచే తలసేమియా బాల సేవా యోజన అర్హత ఉన్న పిల్లలకు 10 లక్షల దాకా ఇస్తుంది. హైదరాబాద్‌లో 1998లో పిల్లల తల్లిదండ్రులూ డాక్టర్లూ కలిసి పెట్టుకున్న తలసేమియా సికిల్ సెల్ సొసైటీ ఉంది, సొంత బ్లడ్ బ్యాంకుతో రక్తం ఎక్కిస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఈ బిడ్డలకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఈ సంగతి తెలియక అప్పులు చేసే ఇళ్ళున్నాయి. సచివాలయంలో అడగండి, కాగితాలు పట్టుకుని పోండి.

పరీక్ష సంగతి. మామూలు రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ, ఎర్రకణాల సైజు బాగా చిన్నగా ఉంటే అనుమానించాలి. మన ఆడవాళ్ళకు రక్తం తక్కువ అనగానే ఐరన్ టానిక్ రాసిస్తారు. మూడు నెలలు తాగినా పెరగకపోతే నాలుగో సీసా కొనకుండా హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయించమని అడగండి. హెచ్‌పీఎల్‌సీ అని కూడా అంటారు. అది మూడున్నర శాతం కంటే ఎక్కువుంటే సాధారణంగా మైనర్. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, ఆ ఫలితం మారదు. ఇంటర్, డిగ్రీ చదివే వయసులో చేయించి కాగితం దాచిపెట్టుకోవాలి. మంగ్నీ అయిపోయాక, షాదీఖానా అడ్వాన్సు ఇచ్చాక, కార్డులు పంచాక పరీక్ష చేయించి ఏం లాభం? అప్పుడు నిజం తెలిసినా ఎవరూ నోరు విప్పరు, ఇజ్జత్ అడ్డం వస్తుంది.

ముందు అబ్బాయికే చేయించండి, ఇరాన్ వాళ్ళలాగా. అతను మైనర్ కాకపోతే అమ్మాయి సంగతి అడగాల్సిన పనే లేదు, మేజర్ బిడ్డ పుట్టడు. అమ్మాయిలకు ముందు పరీక్ష చేయించి "ఫలానా వాళ్ళ బిడ్డకు రక్తంలో ఐబ్ ఉందంట" అని మొహల్లా అంతా పాకే భయం మన దగ్గర ఎక్కువ. అందుకే ఈ ఎదురు లెక్క. నికాహ్‌నామా రాసే ఖాజీ సాబ్‌లు ఆధార్ కార్డు నకలు అడుగుతారు, ఫోటోలు అడుగుతారు. ఇద్దరిలో ఒక్కరి కాగితమైనా చూశారా అని వలీని ఒక్క మాట అడగడం వాళ్ళకు భారమేం కాదు. జుమా ఖుత్బాకు ముందు తెలుగులోనో ఉర్దూలోనో ఐదు నిమిషాలు చెప్పే ఇమామ్‌లు ఉంటే జమాతులు ఏర్పాటు చేయాలి.

ఇద్దరూ మైనర్లని నికాహ్ అయ్యాక తెలిస్తే కాపురం కూలిపోయినట్టు కాదు. గర్భం వచ్చిన పది పన్నెండు వారాల్లో మాయ ముక్క తీసి బిడ్డ మేజరా కాదా అని చెప్పే పరీక్ష పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. నాలుగింట మూడు వంతులు మంచి ఖబరే వస్తుంది, ఆ తల్లి మిగతా నెలలు నిద్రపోతుంది. చెడ్డ ఖబర్ వస్తే ఏం చేయాలన్నది బరువైన మసలా. మక్కాలోని రాబితా ఫిఖ్ మజ్లిస్ 1990లో, బిడ్డకు నయం కాని తీవ్రమైన లోపం ఉందని నమ్మకమైన డాక్టర్ల కమిటీ తేల్చితే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు గర్భం తీయించుకోవడం జాయిజ్ అంది. మన దేశంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. మీరు నమ్మే ముఫ్తీ సాబ్‌ని అడగండి, కానీ మూడో నెలలోపే అడగండి. ఆ తర్వాత అడిగితే ఆయన దగ్గర కూడా దారి మిగలదు.

ఇప్పటికే రక్తం మీద బతుకుతున్న బిడ్డల సంగతి ఇంకొకటి ఉంది. ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే క్యాంపులు ఆగిపోతాయి, బ్లడ్ బ్యాంకుల్లో కొరత వస్తుంది. రమజాన్‌లో మన మొహల్లాల నుంచి ఇచ్చేవాళ్ళు ఇంకా తగ్గుతారు. రెండూ కలిసొచ్చిన యేడు ఆ తల్లులు ఫోన్లు పట్టుకుని ఎంత తిరుగుతారో నేను చూశాను. రోజా ఉండగా రక్తం ఇవ్వొచ్చా లేదా అన్నది ఆలిమ్‌లు చెబుతారు. ఇఫ్తార్ చేసి, కడుపునిండా తిని, నీళ్ళు తాగి, తరావీహ్ తర్వాత ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు, ఆ టైములో తెరిచి ఉంచమని బ్లడ్ బ్యాంకు వాళ్ళతో ముందే మాట్లాడుకుంటే. పద్ధెనిమిది నిండి, ఒంట్లో బాగుండి, 45 కిలోలు దాటిన మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. బ్యాగు మీద ఇచ్చిన వాళ్ళ ఖాందాన్ పేరు రాయరు, గ్రూపు ఒక్కటే రాస్తారు.